యాళ్పాణం తాటి సరుకులు: ఏది కొనాలి, ఎలా వాడాలి

పేపర్లలో మనం జాఫ్నా అని చదివే ఊరిని అక్కడివాళ్లు యాళ్పాణం అంటారు. శ్రీలంకకు ఉత్తర కొసన ఉన్న ఈ ద్వీపకల్పం నుంచి వచ్చే తాటి సరుకులు అయిదింటిని ఇక్కడ చూద్దాం. ఒడియల్ పిండి, పనంకట్టి అనే తాటి బెల్లం, పుళుక్కొడియల్ అనే ఉడికించి ఎండబెట్టిన తేగ, పనాట్టు అనే తాటి తాండ్ర, నీత్తుపెట్టి అనే ఆకు బుట్ట. యాళ్పాణం వెళితే ఊరి నడిమధ్య మార్కెట్లోనూ, తిరునెల్వేలి, చున్నాకం సంతల్లోనూ ఇవి దొరుకుతాయి. లండన్ ఈస్ట్ హామ్‌లో, టొరంటో స్కార్‌బరోలో, పారిస్ లా షాపెల్‌లో ఉండేవాళ్లకైతే శ్రీలంక తమిళుల కిరాణా కొట్లలోనే ఉంటాయి.

ముందే చెప్పేస్తే, బెల్లం, నీత్తుపెట్టి తప్పకుండా కొనాల్సినవి. ఒడియల్ పిండి వాడే పద్ధతి నేర్చుకున్నాకే కొనాలి. పుళుక్కొడియల్ తేగల రుచి ఎరిగిన నోటికి బాగా నచ్చుతుంది. పనాట్టు చిన్న ముక్క తిని చూసి, నచ్చితేనే పొట్లం కట్టించుకోండి.

తాటిచెట్టు మనకూ ఉంది కదా, వాళ్ల సరుకు ప్రత్యేకత ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. మనకు తాటి అంటే ఎండాకాలం ముంజలు, కల్లు, సంక్రాంతి నాటి తేగలు. యాళ్పాణంలో తాటి పూట భోజనం. దానికి కారణం నేలలో ఉంది. ద్వీపకల్పం మొత్తం సున్నపురాయి మీద ఉంది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వళుక్కై ఆరు అని ఒక వాగుంది కానీ అది వానలప్పుడే పారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన రాతిలోకి ఇంకి బావుల్లో నిలుస్తుంది. ఆ బావుల నుంచి మన ఏతాం లాంటి తులాలతో నీళ్లు తోడి ఉల్లి, మిరప, పొగాకు పండించారు. దక్షిణాన కొబ్బరి, దాల్చిన చెక్క ఉన్నాయి, మధ్యలో కొండల మీద తేయాకు ఉంది. ఉత్తరాన వాన లేని నెలల్లోనూ నిలబడి తిండి పెట్టినది తాటిచెట్టు.

ఇక్కడి మనుషుల గురించి మన దగ్గర ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. శ్రీలంక తమిళులంటే తేయాకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లే అనుకుంటారు. వాళ్లు వేరు. మలయగ తమిళులు అంటారు, 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు తమిళనాడు నుంచి తీసుకెళ్లినవాళ్లు. ఉత్తరాది తమిళులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ అక్కడివాళ్లే. నల్లూరు రాజధానిగా ఆర్య చక్రవర్తుల రాజ్యం నడిచింది. 1619లో పోర్చుగీసువాళ్లు చివరి రాజు రెండో సంగిలిని పట్టుకుని గోవాకు తీసుకెళ్లి మరణశిక్ష వేశారు. 1658లో డచ్చివాళ్లు, 1795లో బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. ద్వీపం మొత్తాన్ని ఒకే పాలన కిందికి తెచ్చింది 1833లోనే. తాము వేరు అనే భావం ఉత్తరాన ఎందుకంత గట్టిదో తెలియాలంటే ఈ వరస తెలిసి ఉండాలి. డచ్చి కాలంలో యాళ్పాణం తాటి దూలాలు ఓడలెక్కి మన కోరమండల్ తీరానికీ వచ్చేవి.

తాటాకు మీద రాసిన గ్రంథాలు కూడా ఈ ఊరి ఆస్తే. 1981 మే 31 రాత్రి మొదలుపెట్టి యాళ్పాణం గ్రంథాలయాన్ని తగలబెట్టినప్పుడు సుమారు 97,000 పుస్తకాలు, రాతప్రతులు కాలిపోయాయి. మళ్లీ ఎక్కడా దొరకని తాళపత్రాలు వాటిలో ఉన్నాయి. తాళపత్రం విలువ తెలిసిన తెలుగువాళ్లకు ఆ నష్టం ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక సరుకుల్లోకి వద్దాం. ఒడియల్ పిండితో మొదలుపెడదాం. అన్నిటికన్నా ఎక్కువ మంది పాడుచేసుకునేది ఇదే.

తాటి టెంకలను పాతర వేస్తే మూడు నాలుగు నెలలకు తేగలు వస్తాయి. మనం వాటిని కాల్చుకునో ఉడకబెట్టుకునో తింటాం. వాళ్లు పచ్చి తేగను నిలువునా చీల్చి ఎండలో కర్రలా గట్టిపడేదాకా ఆరబెడతారు. అది ఒడియల్. దాన్ని దంచి జల్లిస్తే ఒడియల్ పిండి. తేగను ముందు ఉడికించి తర్వాత ఎండబెడితే పుళుక్కొడియల్. ఈ రెండిటి పిండ్లూ కొట్లో పక్కపక్కనే ఉంటాయి. పొట్లం మీద 'తాటి పిండి' అని మాత్రమే ఉంటే కొనేముందు తప్పకుండా అడగండి. పచ్చిది పాలిపోయిన గోధుమ రంగులో ఉండి నాలుక మీద చేదు తగులుతుంది. ఉడికించినది కాస్త ముదురు రంగు, వాసనలోనే తీపి తెలుస్తుంది. ఉడికించిన పిండితో కూళ్ అనే జావ కాస్తే చిక్కబడదు, ఎందుకంటే దాని గంజి ముందే ఉడికిపోయింది. పచ్చి పిండిని ఉడికించిన పిండిలా కొబ్బరి కలుపుకుని తింటే ఇంకా పెద్ద తప్పు. ముడి ఒడియల్ పిండిని ఎలుకలకు మేతగా పెట్టి చూసిన శ్రీలంక పరిశోధకులు అది వాటికి హాని చేస్తుందని 1971లోనే ప్రచురించారు. నానబెట్టి నీళ్లు వంపేయడం యాళ్పాణం ఆడవాళ్లు తరాలుగా పాటిస్తున్న పద్ధతి. దాన్ని తగ్గించకండి.

కడిగే విధానం ఇది. ఒక గ్లాసు పిండికి ఆరు గ్లాసుల నీళ్లు పోసి చేత్తో బాగా కలియబెట్టి అరగంట వదిలేయాలి. పిండి అడుక్కి దిగుతుంది, పీచు పైకి తేలుతుంది, నీళ్లు పసుపు గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లను మెల్లగా వంపి మళ్లీ కొత్త నీళ్లు పోయాలి. ఇలా కనీసం మూడుసార్లు. మూడోసారికి నీళ్లు దాదాపు తేటగా ఉండాలి. లేకపోతే నాలుగోసారి కూడా కడగాలి. చివర పలచని బట్టలో వేసి పిండుకుంటే మిగిలే తడి ముద్ద మనకు కావలసినది. వంపేసిన నీళ్లు వంటకు పనికిరావు.

ఈ ముద్దతో కాచేదే ఒడియల్ కూళ్. కూళ్ అనే మాట మన 'కూడు'కి చుట్టమే. సముద్రపు చేపతో కాచిన చిక్కటి కారం జావ అనుకోండి. నలుగురికి 200 గ్రాముల పిండి, రెండున్నర లీటర్ల నీళ్లు, ముళ్లతో తలతో సహా అరకిలో చేప, నాలుగు చిన్న పీతలు, 200 గ్రాముల రొయ్యలు, గుప్పెడు బియ్యం, పదిహేను పనస గింజలు, 200 గ్రాముల కర్రపెండలం, పది బొబ్బర కాయలు, గుప్పెడు మునగాకు, పసుపుతో నూరిన 12 ఎండుమిరపకాయలు, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు.

ముందు నీళ్లలో బియ్యం, పనస గింజలు, కర్రపెండలం వేసి ఇరవై నిమిషాలు ఉడికించాలి. తర్వాత పీతలు, చేప, బొబ్బర కాయలు, మిరప ముద్ద, ఉప్పు వేయాలి. పది నిమిషాలకు రొయ్యలు, మునగాకు. అవి ఉడికాక చింతపండు పులుసు పోసి, పిండి ముద్దను రెండు గ్లాసుల చన్నీళ్లలో ఉండలు లేకుండా కరిగించి సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టాలి. సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచాలి. పచ్చివాసన పోయి జావకు మెరుపు వచ్చిందంటే దించేయొచ్చు.

చెడేది ఎక్కడ? చింతపండు ముందే పోస్తే పులుపుకి పనస గింజలూ కర్రపెండలమూ మెత్తబడవు. పిండి ముద్దను నేరుగా వేడి నీళ్లలో వేస్తే బయట ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. పొయ్యి మీద ఉన్నప్పుడే గరిటె నిలబడేంత చిక్కగా ఉంటే, గిన్నెలో పోసేసరికి ముద్దయిపోతుంది. దించేటప్పుడు మజ్జిగ పులుసు కన్నా కాస్త చిక్కగా, అంతే. యాళ్పాణం కూర కారం అని కొట్లో అమ్మేది ధనియాలు, సోంపు, కరివేపాకు వేయించి కొట్టిన మసాలా. కూళ్‌లో అది వద్దు. తేగ వాసనను పూర్తిగా కప్పేస్తుంది. ఎండుమిరప ముద్ద చాలు. తెలంగాణలో కల్లు తాగడానికి తాటాకు రేక మడిచినట్టే వాళ్లు తాటాకును పిళా అనే దొప్పగా మడిచి, పక్కన కొబ్బరి ముక్క పెట్టుకుని, వేడిగా తాగుతారు. నల్లూరు కందస్వామి కోవెల తిరునాళ్లు 25 రోజులు జరుగుతాయి. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో నీచు ముట్టరు, కూళ్ కూడా కాయరు. జులై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పిండికి మార్కు వేయాలంటే, సరైన పిండి దొరికి, మూడుసార్లు కడిగే ఓపిక ఉంటే దీనికి సాటి లేదు. ఆ ఓపిక లేని ఇంట్లో ఇది డబ్బు దండగ.

పనంకట్టి సంగతి పూర్తిగా వేరు, దీనికి నేర్చుకోవాల్సిందేమీ లేదు. గీసే కుండకు లోపల సున్నం పూస్తే చెట్టునుంచి కారే నీరు పులియకుండా తియ్యగా ఉంటుంది. మనం నీరా అనేదాన్ని వాళ్లు కరుప్పనీర్ అంటారు. ఎనిమిది పది లీటర్లు మరిగిస్తే కిలో బెల్లం వస్తుంది. ఆ పాకాన్ని లేత తాటాకుతో అల్లిన గుప్పెట్లో పట్టే చిన్న డబ్బాల్లో పోసి ఆరనిస్తారు. ఆ డబ్బాను కుట్టాన్ అంటారు. ఆకు విప్పితే బెల్లం మీద అల్లిక గళ్లు అచ్చు పడి ఉంటాయి, ఆకు అంటిన చోట రంగు కాస్త లేతగా, మూలల్లో నల్లగా. ముక్క విరిస్తే మెత్తగా పొడిగా విరగాలి. వాసనలో కాస్త పొగ, కాస్త పచ్చి ఆకు.

ఉక్కులా గట్టిగా ఉండి, విరిచిన చోట చక్కెర పలుకుల్లా తళుక్కుమంటే చెరుకు చక్కెర కలిపారని అర్థం. నాలుక మీద సబ్బు రుచి వస్తే సున్నం ఎక్కువైంది. పుల్లటి వాసన వేస్తూ జిగటగా సాగితే సున్నం తక్కువై నీరు మరిగేలోపే పులిసింది. వేడినీళ్లలో ఒక ముక్క కరిగించి చూడండి. అడుగున పిసరంత తెల్లటి మడ్డి దిగితే భయపడనక్కర్లేదు, అది మిగిలిన సున్నమే. చారెడు దిగితే తిరిగి ఇచ్చేయండి. షుగరు ఉన్నవాళ్లు కూడా తినొచ్చని కొట్లలో చెబుతుంటారు. నమ్మొద్దు, ఇందులో ఉన్నది ఎక్కువ భాగం చక్కెరే.

నిల్వలో ఒకటే శత్రువు, తేమ. బెల్లం చెమర్చి ఆకుకు అంటుకుంటే బూజు పడుతుంది. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో, ఫ్రిజ్‌కు బయటే పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. పాలు కలపని టీ తాగుతూ మధ్యమధ్యలో ఈ బెల్లం కొరుక్కోవడం యాళ్పాణం అలవాటు. టీలో కరిగించేస్తే పొగ వాసన పోతుంది, కొరుక్కుంటేనే దాని రుచి. మన తాటి బెల్లం కూడా మంచిదే. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి ఉత్పత్తుల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. కానీ ఆకు డబ్బాలో ఆరిన బెల్లానికి పట్టే ఆ పచ్చి ఆకు వాసన అచ్చులో పోసిన బెల్లానికి రాదు.

పుళుక్కొడియల్ చూడటానికి ఎండుకట్టె పుల్లలా ఉంటుంది. పళ్లు బాగున్నవాళ్లు నేరుగా నమలొచ్చు. కొబ్బరి ముక్కతో తింటే ఇంకా బాగుంటుంది. కొనేటప్పుడు ముక్కను వెలుతురుకు పెట్టి సన్నటి రంధ్రాలున్నాయేమో చూడాలి, ఉంటే పురుగు పట్టినట్టే. వంగితే ఎండలేదు, టప్పున విరగాలి. తేగలు అలవాటైన గోదావరి, ఉత్తరాంధ్రవాళ్లకు మొదటి ముక్కకే నచ్చుతుంది.

పనాట్టు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పండిన తాటిపండు గుజ్జు పిండి, వడగట్టి, చాప మీద పొర ఆరాక ఇంకో పొర పోస్తూ ఎండబెట్టిన తాండ్ర. మామిడి తాండ్ర తీపిని ఆశించి తింటే నిరాశే. తీపి వెనకాల చేదు ఉంటుంది, అది తాటిపండు గుణం, తయారీ లోపం కాదు. లోపం అంటే ఇసుక. ఆరుబయట ఎండబెడతారు కనుక పంటికింద కరకరలాడుతుంది. కొనేముందు ఒక అంచు కొరికి చూడటం ఒక్కటే మార్గం. తాటి పాకంలో నానబెట్టిన పాణి పనాట్టు దొరికితే అది మేలు, ఆ పాకం చేదును సర్దేస్తుంది.

అయిదింటిలో ఎక్కువ కాలం పనికొచ్చేది నీత్తుపెట్టి. తాటాకుతో గరాటులా అల్లిన బుట్ట. మరిగే నీళ్ల కుండ మూతిలో కొస కిందికి ఉండేలా దించి, అందులో పిట్టు పిండి పోసి పైన మూత పెడతారు. ఆవిరి అల్లిక సందుల్లోంచి అన్ని వైపులా ఎక్కుతుంది కనుక పిట్టు పొడిపొడిగా సమంగా ఉడుకుతుంది. రేకు గొట్టంలో చేస్తే అంచులకు నీళ్లు చేరి ముద్దవుతుంది, ఇందులో ఆకే ఆ తడిని పీల్చుకుంటుంది. వేయించిన బియ్యప్పిండి రెండు వంతులు, కడిగి పిండిన ఒడియల్ ముద్ద ఒక వంతు, ఉప్పు కలిపి పొడిపొడిగా నలిపి, తురిమిన కొబ్బరి చేర్చి పన్నెండు పదిహేను నిమిషాలు. గరాటు కొస నీళ్లకు తగలకూడదు, కనుక కుండలో నీళ్లు మూడో వంతుకు మించొద్దు. తగిలితే కింది భాగం జావే.

కొనేటప్పుడు కొస దగ్గర అల్లిక బిగుతుగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. అక్కడ వదులైతే పిండి కిందికి జారిపోతుంది. రంగు వేసిన బుట్ట చూపులకే, వంటకు రంగులేనిదే తీసుకోవాలి. మొదటిసారి వాడేముందు వేడినీళ్లలో పది నిమిషాలు ముంచి నీడలో ఆరబెట్టాలి. వాడిన ప్రతిసారీ కడిగి పొయ్యి దగ్గర బోర్లా వేలాడదీయాలి. అలమారలో మూసిపెడితే వారంలో బూజు.

ఈ సరుకుల నాణ్యత ఒక్కోసారి ఒక్కోలా ఉండటానికి యుద్ధం కూడా కారణమే. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధంలో తాటి మొద్దులు బంకర్లకు దూలాలయ్యాయి. సైన్యం, పులులు అని పిలిచే ఎల్టీటీఈ తమిళ తిరుగుబాటుదారులు, దాక్కోవడానికి గుంట తవ్వుకున్న మామూలు కుటుంబాలు, అందరూ ఆ చెట్లనే నరికారు. 1990 నుంచి ఇంధనం, సిమెంటు, బ్యాటరీలు ఉత్తరానికి రాకుండా ఆంక్షలు పెట్టినప్పుడు ఇంటి తాటి మళ్లీ ఆధారమైంది. అదే ఏడాది అక్టోబరులో పులులు ఉత్తరాది ముస్లింలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. ఉత్తరం అంటే తమిళ హిందువులే అనుకోకూడదు. మన్నారు కేథలిక్కులు, ఈ ముస్లింలు కూడా ఆ నేల మనుషులే. తాటి ఎదిగి కాపుకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది కనుక నరికిన తోపులు ఇంకా నిండలేదు. పైగా చెట్టెక్కి గీసేవాళ్లు అక్కడా మన దగ్గరలాగే తగ్గిపోతున్నారు. 1978లో ఏర్పడిన తాటి అభివృద్ధి మండలి, గీత కార్మికుల సహకార సంఘాలు ఈ పనిని నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నాయి. బెల్లం కాస్త ఖరీదుగా అనిపిస్తే, చెట్టెక్కిన ఆ మనిషి కూలి అందులో ఉందని లెక్కవేసుకోండి.

వెళ్లాలనుకునేవాళ్లకు చెన్నై నుంచి పలాలి విమానాశ్రయానికి విమానాలున్నాయి, నాగపట్నం నుంచి కాంకేసన్‌తురైకి ఓడ ఉంది. ఓడ వాతావరణాన్ని బట్టి ఆగిపోతుంటుంది, కనుక తిరుగు ప్రయాణానికి ఒకరోజు అదనంగా పెట్టుకోవాలి. తేగల కాలం కనుక జనవరి ఫిబ్రవరి నెలల్లో వెళితే కొత్త ఒడియల్ దొరుకుతుంది. కుట్టాన్ బెల్లాన్ని చేతిసంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో బరువు కింద పడితే ఆకు చినిగి బట్టలకు అంటుతుంది.

కొట్లో ఆడవాళ్లు ఉంటే 'అక్కా' అని, పెద్దవాళ్లుంటే 'ఐయా' అని పిలిచి ఒక్క మాట అడగండి, 'పచ్చై ఒడియల్ మావా, పుళుక్కొడియల్ మావా?' అని. అంటే పచ్చి తేగ పిండా, ఉడికించిన తేగ పిండా అని. ఆ తేడా తెలిసి అడిగినవాళ్లకు వెనక గదిలోంచి ఈ ఏటి పిండి తెచ్చి చూపిస్తారు.